నూగు

పత్తి చేలో లేత ఆకు మీద వేలు రాస్తే తగిలేది నూగు. మీసానికి ముందు వచ్చేదీ అదే. దీనికి ‘ఆరు’ చేరి ‘నూగారు’ అయింది, ప్రబంధ కవులకు మహా ఇష్టమైన మాట. సీమలో నూగులంటే నువ్వులు, ఆ సంగతి వేరు.

లోహానికీ నూగు వస్తుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌ అడుగున, వేడి ఎక్కువగా సోకేచోట, టంగ్‌స్టన్ వాడుతున్నారు. 3,422 డిగ్రీల దాకా కరగని మొండిఘటం. హీలియం ప్లాస్మా తాకితే మాత్రం అంతకు చాలా తక్కువ వేడిలోనే దాని మీద సన్నని పోగులు లేస్తాయి. ఇంగ్లీషులో ‘ఫజ్’ అంటారు. ‘నానో తంతువులు’ అని బిగదీసి రాయడమెందుకు, నూగు ఉండగా?

ఈ నూగు ఎలా లేస్తుందో చూడటానికి పరమాణువుల కదలికను కంప్యూటర్లో లెక్కగడితే, హీలియం లోపల బుడగలు కట్టి టంగ్‌స్టన్‌ను పైకి నెట్టడం కనిపిస్తుంది. ఆ లెక్కకు మామూలుగా అందేది సెకనులో పది లక్షవ వంతు లోపే. కానీ నూగు దట్టంగా రావడానికి నిమిషాలు, గంటలు కావాలి.