దక్షిణాపథ శిలాశాసనములలో శునకస్మృతి

మన దేశచరిత్రమును వ్రాసినవారు రాజుల యేనుగులను లెక్కించిరి. ఓడలలో దిగిన యరబ్బు గుఱ్ఱముల వెలలను సయితము విచారించిరి. ఇంటి గుమ్మమునొద్ద పరుండి, యజమానుడు లేచిన తాను లేచి, అతడు నడచిన వెంట నడచిన కుక్కను గూర్చి మాత్రము వారు మాటాడరైరి. ఆధారములు లేకపోవుటయే యిందులకు కారణమని పలువురు తలంతురు. ఆధారములు కలవు, అవి మనము వెదకుచోట లేవు. సామెతలను, ధర్మశాస్త్రములను మాత్రమే చూచినవారికి కుక్క నీచజంతువు. శిలలను చూచినవారికి అది పేరుగల ప్రాణి, ఒక మనుష్యునకు తోడు. ఈ రెండు సాక్ష్యములలో దేనికెంత విలువ నీయవలెనో యీ వ్యాసమున విచారింప దలచితిమి.

మొదట వాఙ్మయసాక్ష్యము. తెలుగు సామెతలలో కుక్కకు దక్కిన గౌరవము మిక్కిలి స్వల్పము. దాని తోక వంకర. ఆ తోక పట్టుకొని గోదావరి నీదబోయినవాడు మునుగును. విశ్వాసమునకు మారుపేరు కుక్క యని యొప్పుకొన్న నోటితోనే దాని పేరును తిట్టుగా వాడుచున్నాము. మనుస్మృతి మూడవ యధ్యాయము గృహస్థుడు కుక్కలకు నేలపై నన్నము పెట్టవలెనని విధించినది. కాని పతితులతోను, పాపరోగులతోను, కాకులతోను, క్రిములతోను కలిపి చెప్పినది. పెట్టుమన్నదే కాని చేరదీయుమనలేదు.

అయినను వాఙ్మయమంతయు నొక్క కంఠముతో పలుకలేదు. ఋగ్వేదము సప్తమమండలమున 55వ సూక్తమొకటి కలదు. రాత్రివేళ ఇంటిలోని వారందరు నిదురపోవలెనని కోరు సూక్తమది. మొఱుగుచున్న కుక్కను పిలిచి, దొంగను చూచి మొఱుగుము, మమ్ము చూచి యేల మొఱిగెదవని యడిగి, నిదురింపుమని బుజ్జగించును. తరువాత నిదురింపవలసిన వారి వరుస చెప్పబడినది: తల్లి, తండ్రి, కుక్క, గృహపతి, బంధువులు. ఆ వరుసలో కుక్క యుండుట యొక యెత్తు. తండ్రికిని గృహపతికిని నడుమ నుండుట మఱియొక యెత్తు. పండితులు ఈ సూక్తమును మంత్రప్రయోగముగా వ్యాఖ్యానించినను, అది మంత్రమైనంత మాత్రమున ఇంటిచిత్రము కాకపోదు.

నన్నయ భారతమున ఆదిపర్వారంభముననే సరమోపాఖ్యానము వచ్చును. జనమేజయుని తమ్ములు యజ్ఞభూమికి వచ్చిన కుక్కపిల్లను కొట్టిరి. తల్లియైన సరమ వచ్చి నిలదీసెను. సంస్కృతమూలమున ఆ సారమేయుడు అచ్చటికి వచ్చెనని మాత్రమే యున్నది. నన్నయ వాడు ఆడుకొనుటకై వచ్చి తిరుగుచుండెనని చేర్చెను. ఒక్క మాట యది. కాని కుక్కపిల్ల స్వభావమును దగ్గరనుండి చూచినవానికి గాని ఆ మాట తోచదని మా యభిప్రాయము. తగినది, తగనిది యని విచారింపక సాధువులకు కీడుచేయువారిని గూర్చి తెలుగు విద్యార్థులు తరతరములుగా కంఠస్థము చేయుచున్న నీతిపద్యము ఆ సరమ నోటిదే. అది చెప్పినదెవరో చాలమందికి జ్ఞప్తియుండదు.

తిక్కన తెనిగించిన మహాప్రస్థానికపర్వములోని కుక్క సుప్రసిద్ధము. తమ్ములును ద్రౌపదియు పడిపోయిన పిమ్మట ధర్మరాజునకు మిగిలిన తోడు అదియొక్కటే. దానిని విడిచి రథమెక్కుమని యింద్రుడన్నను ఆయన యొప్పుకొనలేదు. భక్తుని, శరణాగతుని విడుచుట పాపమని ఆయన వాదము. ఇందు గమనింపదగిన విషయము రెండు. ఆయన చెప్పినది ధర్మము. ఆ కుక్కతోడి సహవాసము తనకు సంతోషమిచ్చినదని యాయన చెప్పలేదు. రెండవది, ఆ కుక్కకు పేరు లేదు. చివరకది కుక్కయును గాదు, ధర్మదేవత.

నిజమైన కుక్కలకు పేర్లున్నవి శిలలపైన.

కర్ణాటకమున మండ్య జిల్లాలోని ఆతకూరు శాసనము చరిత్రవిద్యార్థులకు క్రొత్తది కాదు. రాష్ట్రకూట మూడవ కృష్ణునకును చోళులకును 949లో తక్కోలమున జరిగిన యుద్ధమునకు అది ముఖ్యాధారము. గంగరాజగు బూతుగుడు చోళరాజకుమారుడైన రాజాదిత్యుని చంపుటయు, కృష్ణుడు సంతసించి యతనికి బనవాసి మొదలగు నాడుల నిచ్చుటయు అందే కలవు. అందుచే మనవారు ఆ శాసనమును తక్కోలమునకై చదివి, మిగిలిన భాగమును వినోదముగా నెంచి విడిచిరి. శిల నెత్తించుటకు కారణము ఆ మిగిలిన భాగమే. బూతుగుని భటుడు మణలేరుడు ఆ యుద్ధమున పరాక్రమించెను. ఏమి కావలయునో కోరుమని బూతుగుడనగా, కాళి యను కుక్కను దయచేయుమని కోరి పుచ్చుకొనెను. ప్రభువు నాడులను పొందిన సందర్భముననే భటుడు కుక్కను కోరెను! తరువాత బేలతూరు కొండదాపున గొప్ప యడవిపందిపైకి కాళిని విడువగా, పందియు కుక్కయు నొకదాని నొకటి చంపుకొని చచ్చినవి. దానికై ఆతకూరి చల్లేశ్వరాలయము నెదుట శిల నిలిపి, భూమి నిచ్చిరి. ఆ భూమిని చూచుకొను గొరవడు, అనగా శైవపూజారి, ఆ శిలకు పూజ చేయక భుజించినచో పాపమును పొందునని శాసనము చెప్పుచున్నది. (కర్నూలు ప్రాంతపు గొరవయ్యల నెఱిగినవారికి ఈ మాట పరాయిది కాదు.) శిలపై కుక్కయు పందియు పోరాడు శిల్పము చెక్కబడినది. ఆ శిల యిప్పుడు బెంగుళూరు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది.

కాళి వేటకుక్క, రాజాస్థానపు సొత్తు. దానిని గృహశునకమనుట తగదని యాక్షేపము రావచ్చును. మన ప్రబంధములలోని మృగయావర్ణనములందు జాగిలములు కోకొల్లలు. అవి అలంకారములు మాత్రమే యన్నమాట నిజము. కాని అలంకారమునకు మాన్యము నెవ్వరు నీయరు. చచ్చిన జంతువునకు నిత్యపూజ నేర్పఱచి, పూజారి కడుపుతో ముడిపెట్టిన మనుష్యునకు ఆ జంతువు వేటపరికరము కాదు.

అయినను ఆక్షేపమునకు సంపూర్ణమైన సమాధానము తమిళదేశమున లభించును. తిరువణ్ణామలై జిల్లా చెంగము ప్రాంతమున వీరశిలలు పెక్కులు కలవు. అందు ఎడత్తనూరు శిల పల్లవ మహేంద్రవర్మ 34వ రాజ్యసంవత్సరము నాటిది. అనగా ఏడవ శతాబ్ది పూర్వార్ధము, ఆతకూరు శిలకు మూడు వందల యేండ్లకు పైగా ముందు. కరుందేవకత్తి యను వాడు తన యెనుముల పక్షమున పోరాడి పడెను. శిలపై వీరునితోపాటు అతని కుక్కయు కలదు. దాని పేరు కోవివన్. అది యిద్దరు దొంగలను కఱచి కాచియుండెనని వ్రాసియున్నది. ఇందు వేట లేదు, రాజు దయచేసిన కానుక లేదు. ఎనుములు గల యొక యిల్లు, వాటికై చచ్చిన వాడొకడు, వానితోడి కుక్క. యజమానుడు పడిన తరువాతను అది కావలి విడువలేదనియే ఆ వాక్యమునకు మేము చేయు నర్థము. ఆ కుక్క పేరు ఊరివారికి తెలియును. తెలియనిచో శిల్పికి చెప్పువారెవరు?

శిలలకంటె ప్రాచీనములు ఎముకలు. కాశ్మీరమున బుర్జహోములో 1960 మొదలు 1971 వఱకు జరిగిన త్రవ్వకములలో నవీనశిలాయుగపు మనుష్యసమాధులందు కుక్కల యస్థులు బయల్పడినవి. యజమానునితోపాటు చంపి పూడ్చి యుండవచ్చును గనుక దీనిని మాత్రమే ప్రేమకు నిదర్శనముగా గైకొనుటకు మేము వెనుదీయుచున్నాము. జర్మనీలో బాన్ నగరము చెంత ఓబెర్‌కాసెల్ అనుచోట 1914లో దొరకిన సమాధి యట్టిది కాదు. దాదాపు 14,000 ఏండ్లనాటి యా సమాధిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక కుక్కపిల్ల యున్నారు. 2018లో ప్రకటితమైన దంతపరీక్షను బట్టి ఆ పిల్లకు నాలుగైదు నెలల వయస్సున డిస్టెంపరు వ్యాధి సోకినది. అది ప్రాణాంతకమైన వ్యాధి. దానితోనే యది ఏడవ నెల దనుక బ్రతికినది. నీరు త్రాగించి, వెచ్చగా నుంచి, శుభ్రము చేసినవారు లేనిదే యది సాధ్యము కాదని పరిశోధకులు తేల్చిరి. ఆ వారములలో నది వేటకు రాలేదు, కావలికి రాలేదు. దానివలన వారికి కలిగిన లాభము దానితోడి సహవాసము తప్ప వేఱొకటి కనబడదు.

పేర్ల విషయమున ఇంకొక మాట. మన యిండ్లలోని కుక్కలకు టామీ, టైగరు, మోతీ వంటి పేర్లు వ్యాపించినవి. ఇవి దొరల కాలపు ప్రసాదములు; ఇంటిలోని బిడ్డ పేరు పెట్టుటకు సంకోచించిన సంఘము పరభాషనుండి పేరు తెచ్చుకొన్నదేమో యని మా యూహ. కాళికి, కోవివనుకు ఆ సంకోచము లేదు. కాళి యనునది దేవత పేరు.

వీరశిలలు నేటికిని చెఱువుకట్టలలోను, గుడిమెట్లలోను, ఇండ్లపునాదులలోను కలిసిపోవుచున్నవి. రాయలసీమ గ్రామములలో శిలల ప్రతిబింబము తీయబోవు పరిశోధకవిద్యార్థులు రాజు పేరును, సంవత్సరమును వ్రాసికొని తృప్తిపడుట కలదు. వీరుని కాలిచెంత చెక్కిన జంతువును కొలిచి, దాని చుట్టునున్న యక్షరములను వేఱుగా నచ్చొత్తుట యవసరము. ఎడత్తనూరున కోవివనును గూర్చిన వాక్యము వీరుని గూర్చిన వాక్యముతో కలిసియుండలేదు. అది వేఱుగా చెక్కబడినది.