ఆస్ట్రేలియా మెడికల్ స్కూళ్లలో డాక్టర్లకు ‘క్యాజువల్’ టీచింగ్: ఒప్పుకునే ముందు తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల్లో ఎంబీబీఎస్ చేసి ఆస్ట్రేలియా వెళ్లే డాక్టర్లకు అక్కడ తరచుగా వినిపించే మాట ‘క్యాజువల్ ట్యూటర్’. మన దగ్గర మెడికల్ కాలేజీలో పాఠం చెప్పేది ఎక్కువగా పోస్టులో ఉన్నవాళ్లే. అక్కడ మాత్రం ఆస్పత్రిలోనో, క్లినిక్‌లోనో పని చేసుకుంటూ వారానికి రెండు మూడు గంటలు యూనివర్సిటీలో చెప్పే డాక్టర్లు చాలామంది. వీళ్లకు నెల జీతం ఉండదు, గంటల లెక్కన డబ్బులిస్తారు. ఆ గంటను ఎలా లెక్కగడతారో తెలియకపోతే నష్టపోయేది డాక్టరే.

ఏం పని ఉంటుంది?

ఎనిమిది, పది మంది విద్యార్థులను కూర్చోబెట్టి ఒక రోగి కేసు మీద చర్చ నడిపించడం ఒకటి. బీపీ చూడడం, గుండె చప్పుడు వినడం, రోగితో మాట్లాడే తీరు నేర్పే క్లినికల్ స్కిల్స్ క్లాసులు ఇంకొకటి. అనాటమీ ల్యాబ్‌లో డెమాన్‌స్ట్రేటర్ పనికి సర్జరీ వైపు వెళ్లాలనుకునే కుర్ర డాక్టర్లు ఎక్కువగా వస్తారు. పరీక్షల సీజన్‌లో ఓస్కీ ఎగ్జామినర్లు కావాలి. గంట మోగగానే విద్యార్థి ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు మారుతుంటాడు, ఎగ్జామినర్ కూర్చున్న చోటే మార్కులు వేస్తాడు. ఇవి కాక పేపర్లు దిద్దే పని ఎలాగూ ఉంటుంది.

గంట అంటే ఎన్ని గంటలు?

అసలు విషయం ఇక్కడే ఉంది. అక్కడి యూనివర్సిటీ అధ్యాపకుల కనీస వేతనాలను నిర్ణయించే అవార్డు ప్రకారం ఒక గంట ట్యుటోరియల్ చెబితే 3 గంటల డబ్బులు వస్తాయి. ఒక గంట క్లాసుకు, రెండు గంటలు దానికి ముందూ వెనకా చేసే పనికి. అదే పాఠాన్ని వారం లోపు రెండో బ్యాచ్‌కు చెబితే ‘రిపీట్’ అంటారు, దానికి 2 గంటలు. సాధారణ లెక్చర్‌కు 3 గంటలు, ఎక్కువ తయారీ కావాల్సిన లెక్చర్లకు 4, 5 గంటలు. కానీ మీ క్లాసును ‘డెమాన్‌స్ట్రేషన్’ అనో, ‘ఇతర అకడమిక్ పని’ అనో రాస్తే గంటకు గంటే.

ఉదాహరణకు ఒకే పాఠం రెండు బ్యాచ్‌లకు గంట చొప్పున చెప్పారనుకుందాం. ట్యుటోరియల్ అని రాస్తే 5 గంటల లెక్క, ఇతర పని అని రాస్తే 2 గంటలు. మీరు చేసిన పని ఒకటే, కాగితం మీద పేరు మారింది అంతే. అందుకే ‘గంటకు ఎంత?’ అనే ముందు ‘ఈ క్లాసును ఏ కేటగిరీలో పెట్టారు?’ అని అడగాలి. ఒక్కో యూనివర్సిటీకి యూనియన్‌తో చేసుకున్న సొంత ఒప్పందం ఉంటుంది, అసలు రేట్లు అందులో చూసుకోవాలి. పీహెచ్‌డీ ఉన్నవారికి రేటు ఎక్కువ. మన ఎండీ, ఎంఎస్‌ను ఆ లెక్కలోకి తీసుకుంటారా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది.

ఈ లెక్కలు ఎంత పెద్దవో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మెల్‌బోర్న్ యూనివర్సిటీ 25,000 మందికి పైగా సిబ్బందికి తక్కువగా ఇచ్చిన 7.2 కోట్ల డాలర్లకు పైగా బకాయిలు చెల్లించేందుకు 2024 డిసెంబరులో అక్కడి ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌తో ఒప్పందం చేసుకుంది. పేపర్లు దిద్దడానికి నిజంగా పట్టిన టైమ్‌కు కాకుండా ‘ఇన్ని పదాలకు ఒక గంట’ అని కొలత పెట్టి క్యాజువల్ వాళ్లకు డబ్బులివ్వడం అందులో ఒక ముఖ్యమైన కారణం.

వచ్చేవి, రానివి

క్యాజువల్ రేటులో 25 శాతం అదనం కలిపి ఉంటుంది. దానికి బదులుగా జీతంతో కూడిన సెలవులు ఉండవు. జ్వరమొచ్చి క్లాసుకు వెళ్లకపోతే ఆ రోజు డబ్బు లేనట్టే. వచ్చే సెమిస్టర్‌కు పిలుస్తారన్న గ్యారంటీ కూడా లేదు. సూపర్‌యాన్యుయేషన్, అంటే మన పీఎఫ్ లాంటిది, మాత్రం యూనివర్సిటీ జమ చేయాల్సిందే. 2025 జులై 1 నుంచి అది 12 శాతం. 18,200 డాలర్ల వరకు పన్ను లేని పరిమితిని మామూలుగా ఒక్క యజమాని దగ్గరే క్లెయిమ్ చేయాలి. ఆస్పత్రి జీతం దగ్గర వాడుకుంటే యూనివర్సిటీ ఫారంలో ‘నో’ అని పెట్టాలి. లేదంటే ఏడాది చివర పన్ను బాకీ పడుతుంది.

ఇంకొకటి: ‘ఆనరరీ’, ‘అడ్జంక్ట్’ అంటే గౌరవ హోదాలు. లైబ్రరీ కార్డు, పేరు పక్కన యూనివర్సిటీ పేరు వస్తాయి. జీతం రావాలంటే వేరే కాంట్రాక్టు ఉండాలి.

కొత్తగా వెళ్లినవారు గమనించాల్సింది

ఏఎంసీ పరీక్షలు రాసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మన డాక్టర్లకు ఈ పని పనికొస్తుంది. అక్కడి వైద్య భాష అలవాటవుతుంది, సీనియర్లతో పరిచయాలు కలుస్తాయి, రెఫరెన్సు ఇచ్చేవాళ్లు దొరుకుతారు. కానీ పూర్తి రిజిస్ట్రేషన్‌కు కావాల్సిన 12 నెలల సూపర్‌వైజ్డ్ ప్రాక్టీస్ మెడికల్ బోర్డు ఒప్పుకున్న పోస్టులో జరగాలి. యూనివర్సిటీలో ట్యూటర్‌గా గడిపిన గంటలు దానికి బదులు కావు. వీసా షరతులు రెండో యజమాని దగ్గర పని చేయనిస్తాయో లేదో కూడా చూసుకోవాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారికి చదువు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల పరిమితి ఉంది. రోగుల దగ్గర నేర్పాల్సి వస్తే మీ రిజిస్ట్రేషన్, ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఆ పనికి వర్తిస్తాయో లేదో అడగండి.

సంతకం పెట్టే ముందు ఐదు ప్రశ్నలు అడగండి. క్లాసు కేటగిరీ ఏది? ప్రిపరేషన్ టైమ్ కలిసిందా? పేపర్లు దిద్దడానికి విడిగా ఇస్తారా? ట్రైనింగ్, మీటింగ్‌లకు డబ్బులున్నాయా? క్లాసు రద్దయితే ఏంటి? జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి. చేసిన ప్రతి గంటనూ డైరీలో రాసుకోండి. తర్వాత తేడా వస్తే మీకు అక్కరకొచ్చేవి ఆ ఈమెయిళ్లు, ఆ డైరీనే.