మాట, మినహాయింపు: బలి పాత్ర స్వభావంపై గూడూరు–బమ్మెర పరిసరాల నుంచి ఒక పరిశీలన

ఆడిన మాట తప్పని పాత్రలు మన కథల్లో చాలా ఉన్నాయి. ఆ మాటను ఎక్కడ నిలపాలో, ఎక్కడ సడలించవచ్చో తెలిసి కూడా దానిని నిలిపిన పాత్రలు తక్కువ. ఈ రెండో రకం స్వభావం, అంటే నియమాన్నీ వివేకాన్నీ కలిపి మోసే స్వభావం, తెలుగు కావ్యపాత్రల్లో ఎలా రూపుకట్టిందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రధాన సాక్ష్యం పోతన భాగవతం అష్టమ స్కంధంలో వామనుడికి దానమిచ్చిన అసురరాజు బలిచక్రవర్తి. ఆ సాక్ష్యం దగ్గరికి పోయే ముందు స్వభావ వర్గీకరణను, ప్రాంతాన్ని కొంత స్పష్టపరచుకోవాలి.

1. కల్పిత పాత్రలకు నైతిక స్థానాలు కేటాయించే పద్ధతి ఇటీవలి కాలంలో బాగా ప్రచారమైంది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ద్వారా అనడానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి. తొలుత అందులో నియమం, తటస్థం, అరాచకం అనే మూడే స్థానాలు. 1978 నియమావళి నాటికి మంచి, చెడు అనే రెండో కొలత కూడా చేరి గళ్లు తొమ్మిదయ్యాయి. 1977లో వచ్చిన జీవుల పుస్తకం ఒక్కో జాతికి ఒక్కో గడి ముందే రాసిపెట్టింది. ఈ లెక్కలో చిక్కు అక్కడే మొదలవుతుంది. అసురుడు అనే ఒక్క మాటతో బలి ఏదో ఒక గడిలో పడిపోతాడు. అతడు యజ్ఞశాలలో ఏం విన్నాడు, ఏం ఆలోచించాడు అన్నది ఆ గడిలో పట్టదు.

మన అలంకారశాస్త్రం వర్గీకరణ ఇంతకంటే పాతది. 10వ శతాబ్ది చివర మాళవంలో ముంజుని ఆస్థానంలో ధనంజయుడు రచించిన దశరూపకం నాయకులను ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాలుగు విధాలుగా విభజించింది. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని కాలంలో (1289–1323) విద్యానాథుడు ఆ రాజునే ఉదాహరణ నాయకుడిగా నిలిపి ప్రతాపరుద్రీయం రాశాడు. అంటే పాత్ర స్వభావ వర్గీకరణ ఈ నేలకు 700 ఏళ్ల నాడే పరిచితం. దశరూపకం ప్రకారం ధీరోదాత్తునికి సత్త్వం, గాంభీర్యం, క్షమ, ఆత్మశ్లాఘ లేకపోవడం, స్థైర్యం, అణగి ఉన్న అహంకారం, దృఢవ్రతం ఉండాలి. బుద్ధి, ప్రజ్ఞ అనేవి నాయకులందరి సాధారణ గుణాల్లో వస్తాయి. వ్రతానికీ బుద్ధికీ మధ్య ఘర్షణ పుడితే నాయకుడు ఏం చేయాలన్నది ఆ లక్షణంలో కనిపించదు. దానికి జవాబు శాస్త్రంలో కంటే కథల్లో వెతకడమే మేలని తోస్తుంది.

2. ప్రాంతం గురించి ఒక జాగ్రత్త అవసరం. పాత వరంగల్ జిల్లాలో గూడూర్లు రెండు. ఒకటి ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. భీమునిపాదం జలపాతం ఆ మండలంలోనే ఉంది. రెండోది జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని గ్రామం. ఇక్కడ సాక్ష్యంగా తీసుకునే విరియాల వంశీకుల శాసనం దొరికింది ఈ రెండో గూడూరులో. శాసనంలో కొరవి ప్రస్తావన ఉంది, నేటి కురవి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కనుక ఊరి విషయంలో పొరబడే అవకాశం లేకపోలేదు.

శాసనం కాలం విషయంలోనూ ఒక తేడా ఉంది. పోటీ పరీక్షల పుస్తకాలు కొన్ని దీనికి సుమారు 1000 అని వేసి, నన్నయకు ముందరి తెలుగు వృత్తపద్యాలకు సాక్ష్యంగా చూపుతాయి. శాసనం చెప్పే సంఘటనలు ఆ కాలానివి కావచ్చు. రాయి చెక్కింది మాత్రం అంతకు సుమారు ఒక శతాబ్దం తర్వాత, 12వ శతాబ్ది తొలి భాగంలో అన్నది చరిత్రకారులు చెప్పే మాట. ఈ రెండు కాలాలను కలిపేస్తే ప్రశంసకూ ప్రత్యక్ష సాక్ష్యానికీ తేడా చెరిగిపోతుంది. వంశం స్థిరపడ్డాక వారసులు పూర్వికులను తలచుకుంటూ వేసిన పద్యాలివి. కాబట్టి వీటిలోని మనుషులు కొంత మేర పాత్రలు కూడా.

ఆ హెచ్చరికతో చదివితే, విరియాల ఎర్రన శత్రువును చంపి కాకతి వంశపు బేతరాజును కొరవిలో నిలిపాడని, అతని భార్య కామసాని స్వయంగా చక్రవర్తిని దర్శించి కాకతి వంశానికి అనుమకొండ దక్కేలా చేసిందని శాసనం నుంచి గ్రహించవచ్చు. విశ్వాసం ఇద్దరిదీ ఒక్కటే. భర్తకు కత్తి పనికివచ్చిన చోట భార్యకు మాట పనికివచ్చింది. కామసాని స్వభావం గురించి ఇంతకు మించి చెప్పడానికి ఆ రాయి మనకు ఆధారం ఇవ్వదు. ఒక కుటుంబం తన పూర్వికురాలిని గుర్తుపెట్టుకోవాలనుకున్నప్పుడు ఆమె నిష్ఠతో పాటు ఆమె ఎంచుకున్న మార్గాన్ని కూడా పద్యంలోకి ఎక్కించింది. అది చిన్న విషయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

3. అదే పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది. పోతన ఊరు ఇదేనా, కడప జిల్లా ఒంటిమిట్టా అన్న వాదం పాతది. కవి తన అవతారికలో చెప్పిన ఏకశిలానగరం అన్న పేరు ఓరుగల్లుకూ ఒంటిమిట్టకూ రెంటికీ సరిపోవడమే ఆ వాదానికి మూలం. ఇంటిపేరు బమ్మెర కావడం, ఓరుగల్లుకు ఆ పేరు బాగా నిలిచి ఉండటం మొదటి పక్షానికి బలం. ఈ వ్యాసం ఆ పక్షాన్నే అనుసరిస్తుంది, అయితే దిగువ వాదం దానిపై ఆధారపడదు. భాగవతంలో కొన్ని స్కంధాలు గంగన, సింగన, నారయలు పూరించినవి. అష్టమ స్కంధం పోతనదే అన్నది సాధారణంగా అంగీకరించిన విషయం. బలి పాత్రను పోతన చిత్రణగా చర్చించడానికి ఇంత ఆధారం చాలు.

ఇక బలి. ఈ పాత్ర ఒక్కసారిగా పుట్టింది కాదు. పొరలు విప్పి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది.

ఋగ్వేదం మొదటి మండలం 154వ సూక్తంలో విష్ణువు మూడు అడుగులు ఉన్నాయి, దాత లేడు. శతపథ బ్రాహ్మణంలో వామనుడైన విష్ణువు ఉన్నాడు. దేవతలు భూమిలో వాటా అడిగితే, విష్ణువు పడుకున్నంత మేర ఇస్తామని అసురులు అసూయతో అంటారు. అక్కడా బలి పేరు లేదు, ఔదార్యమూ లేదు. వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు సిద్ధాశ్రమం గురించి చెబుతూ బలి కథను క్లుప్తంగా చెప్పాడు. అందులో బలి యజ్ఞం చేసే దాత. వామనుడు అడిగాడు, పొందాడు, కొలిచాడు. మధ్యలో నిలబడి వద్దన్నవాడు కనిపించడు. సంస్కృత భాగవతానికి వచ్చేసరికి బలి గురువు శుక్రాచార్యుడు దానం వద్దంటూ ఒక పూర్తి వాదంతో నిలబడతాడు.

ఈ క్రమాన్ని బట్టి ఒక ఊహ చేయవచ్చు. బలికి ఔదార్యం ముందు వచ్చింది, వివేకం తర్వాత వచ్చింది. ఆ వివేకాన్ని చూపడానికి కథకు ఒక సలహాదారు కావలసి వచ్చాడు. రామాయణ కథనంలోని బలికి ఇచ్చి మోసపోవడం తప్ప మరో దారి లేదు. భాగవతంలోని బలికి దారి ఉంది, దానిని చూపించినవాడు స్వయానా గురువు. గ్రంథాల కాలనిర్ణయాలు వివాదాస్పదం కనుక ఈ క్రమాన్ని సూటి పరిణామంగా తీసుకోకూడదు. వేర్వేరు సంప్రదాయాలు పక్కపక్కనే ఉండి ఉండవచ్చు.

4. శుక్రుని వాదాన్ని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. అతడు అబద్ధాన్ని మెచ్చుకోలేదు. సంస్కృత మూలంలో అతడు శ్రుతిని ఆధారం చేసుకుని, శరీరం చెట్టు అయితే సత్యం దాని పువ్వూ పండూ అంటాడు. చెట్టే చచ్చిపోతే పండు ఎక్కడిదని అతని ప్రశ్న. అన్నిటికీ సరే అనేవాడు ఖాళీ అవుతాడు, అన్నిటికీ లేదు అనేవాడు అపకీర్తి మోస్తాడు అని రెండు వైపులా తూస్తాడు. ఆ తర్వాతే బొంకినా దోషం లేని సందర్భాల జాబితా చెబుతాడు.

ఆ జాబితాలో మూలానికీ తెలుగుకూ తేడా ఉంది. స్త్రీలు, పెళ్లి, ప్రాణాపాయం, గోబ్రాహ్మణ రక్షణ రెంటిలోనూ ఉన్నాయి. మూలంలో పరిహాసం, జీవనోపాధి, హింస కూడా వస్తాయి. పోతన పరిహాసాన్ని ఎత్తలేదు, ఉపాధి బదులు ధనం అన్నాడు, వాటి పక్కన మానాన్ని చేర్చాడు. మానం పోయేటప్పుడు బొంకవచ్చని గురువు చెబుతుంటే, బలి మానం కోసమే బొంకనంటాడు. ఆ ఒక్క మాట చేర్పుతో గురుశిష్యుల వాదం ఒకే బిందువు దగ్గర ఢీకొంటుంది. ఇది పోతన ఉద్దేశపూర్వకంగా చేశాడా, ఛందస్సు కోసం చేశాడా అన్నది తేల్చడం కష్టం. ఫలితం మాత్రం గట్టిది.

బలి జవాబులోనూ జాగ్రత్తగా చూడవలసిన అంశం ఒకటుంది. ప్రహ్లాదుని మనుమడినై ఇస్తానని చెప్పి లేదంటానా అన్న వంశగౌరవం మూలంలో ఉంది. పోతన బలి వెనకటి రాజులను తలచుకుంటాడు, వాళ్లు మూటగట్టుకుపోయింది ఏమీ లేదని, ఇచ్చినవారి పేరే మిగిలిందని వాదిస్తాడు. లక్ష్మీదేవిని తాకిన చేయి కింద, తన చేయి పైన ఉండటం కంటే గొప్ప ఏముందని పొంగిపోతాడు. అంటే అతని నిష్ఠలో సత్యంతో పాటు కీర్తి కాంక్ష కూడా కలిసే ఉంది. శుద్ధమైన నియమనిష్ఠ అని వాదించేవారికి ఇది ఇబ్బందికరమైన సాక్ష్యం. ధీరోదాత్త లక్షణంలో అణగి ఉన్న అహంకారానికి ఎందుకు చోటిచ్చారో ఇక్కడ అర్థమవుతుంది. గర్వం లేని బలి ఉంటే అతడు బహుశా గురువు మాట వినేవాడు.

5. పోల్చడానికి మహాభారతం కర్ణపర్వంలోని ఒక ఘట్టం ఉపయోగపడుతుంది. గాండీవాన్ని మరొకరికి ఇమ్మన్నవాడిని చంపుతానని అర్జునుడి వ్రతం. ఆ మాట ధర్మరాజు నోటనే వచ్చింది. కత్తి దూసిన అర్జునుడికి కృష్ణుడు కౌశికుని కథ చెబుతాడు. దొంగలకు నిజం చెప్పి పారిపోతున్న మనుషులను చంపించిన కౌశికుడు నరకానికి పోయాడు. ఆపై పెద్దవాడిని ఏకవచనంతో నిందించడమే వధతో సమానమన్న మార్గం చూపుతాడు. అర్జునుడు దానిని అందుకున్నాడు. మినహాయింపుల జాబితా ఇక్కడా ఉంది, భాగవతం జాబితాకు దగ్గర చుట్టం.

అర్జునుడు మినహాయింపు తీసుకున్నాడు, బలి తీసుకోలేదు. సంప్రదాయం ఇద్దరినీ మెచ్చుకుంది. ఈ వైరుధ్యానికి ఒక వివరణ సాధ్యం. అర్జునుడి మాట నిలిస్తే పోయేది అన్న ప్రాణం. బలి మాట నిలిస్తే పోయేది అతని సొంత రాజ్యం. నియమం ఖర్చు ఎవరు భరిస్తారన్నదే వివేకానికి గీటురాయి అయి ఉండవచ్చు.

ఈ వివరణకు ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దానిని దాచడం సరికాదు. బలి రాజ్యం అతడొక్కడిదే కాదు. వామనుడు పెరిగి లోకాలు కొలుస్తుంటే అసురులు ఆయుధాలు ఎత్తారు, విష్ణు పరిచారకుల చేతుల్లో దెబ్బతిన్నారు. బలి వాళ్లను ఆపాడు. కాలం అనుకూలంగా లేదని, గురుశాపాన్ని తలచుకుని వెనక్కి పిలిచాడు. అనుచరుల నష్టాన్ని అతడు ముందే లెక్కలోకి తీసుకున్నాడనడానికి గ్రంథంలో స్పష్టమైన ఆధారం లేదు. నష్టం మొదలయ్యాక ఆపాడనడానికి ఉంది. వివేకం ఆలస్యంగా పనిచేసిందని కొందరు పాఠకులు అంటే కాదనడం కష్టం.

6. చివరిగా శుక్రుని సంగతి. ధారపోసే నీళ్లు పడకుండా శుక్రుడు కలశం కన్నానికి అడ్డుపడటం, వామనుడు దర్భకొనతో పొడవగా ఒక కన్ను పోవడం మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలిసిన కథ. సంస్కృత భాగవతంలో ఇది కనిపించదు. అక్కడ శుక్రుడు వాదిస్తాడు, శిష్యుడు వినకపోతే శపిస్తాడు, అంతే. పోతన ఈ కథను ఒక చిన్న పద్యంలో చేర్చాడు. వేరే పురాణం నుంచి తెచ్చాడో, జనం నోట విన్నదే రాశాడో కచ్చితంగా చెప్పలేం. దీని ప్రభావం మాత్రం పెద్దది. తర్వాతి తరాలకు శుక్రుడంటే దానానికి అడ్డుపడ్డ ఒంటికన్నువాడే. సత్యాన్ని పండుతో పోల్చి, ప్రాణాన్ని చెట్టుతో పోల్చి తూచిన గురువు మరుగున పడ్డాడు. బలిని వివేకిగా చూపడానికి కథలోకి వచ్చినవాడే వివేకం లేనివాడిగా మిగిలిపోవడం ఈ పరిశీలనలో బాధ కలిగించే విషయం.

మూల గ్రంథం అతడిని అలా వదలలేదు. బలిని బంధించాక హరి స్వయంగా చెబుతాడు: ధనం పోయినా, బంధువులు విడిచినా, గురువు శపించినా ఇతడు సత్యం వదలలేదు, తాను ధర్మాన్ని కపటంగా చెప్పినా ఇతడు మాట తప్పలేదని. కపటం తనదేనని దేవుడు ఒప్పుకున్న చోటు అది. బలికి సుతలం, రాబోయే సావర్ణి మన్వంతరంలో ఇంద్రపదవి దక్కాయి. అష్టమ స్కంధం 23వ అధ్యాయంలో హరి శుక్రుని వైపు తిరిగి, శిష్యుని యజ్ఞంలో మిగిలిన లోపాన్ని పూర్తిచేయమంటాడు. శపించిన గురువే బ్రహ్మర్షులతో కలిసి కూర్చుని ఆ యజ్ఞాన్ని ముగించాడు.