టోపీ పిన్నుతో ఇంజను వైద్యం

కారు దారిలో ఆగిపోతే మావారు బానెట్టెత్తి గంభీరంగా చూస్తారు. నేను లోపల కూర్చుని పైటచెంగుతో విసురుకుంటాను. కానీ మొట్టమొదటి దూరప్రయాణంలో కారు జబ్బులు కనిపెట్టి నయం చేసింది ఒక ఇల్లాలేనండీ!

జర్మనీలో మాన్‌హైమ్ అనే ఊరు. కార్ల్ బెంజ్ గారి మూడు చక్రాల బండికి 1886లో పేటెంటు వచ్చింది గానీ కొనేవాళ్ళే కరువు. పెళ్ళికి ముందే తన కట్నం సొమ్ము ఆయన వ్యాపారంలో పోసిన బెర్తాకి మనసు ఊరుకుంటుందా? 1888 ఆగస్టులో, భర్తకి చెప్పకుండా, 15, 13 ఏళ్ళ కొడుకులిద్దరినీ ఎక్కించుకుని నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న పుట్టింటికి బయల్దేరింది.

పెట్రోలు బంకులెక్కడివి అప్పుడు! బట్టల మీద మరకలు పోగొట్టే లిగ్రాయిన్ అనే ద్రవం మందులషాపులో కొని పోసింది. ఇంజనును చల్లబరిచే నీళ్ళు ఆవిరైపోతుంటే దారిపొడుగునా నింపుకోవడమే. ఒకచోట బండి ఆగింది. ఇంధనం గొట్టంలో నలుసు అడ్డుపడిందని గ్రహించి, టోపీకి గుచ్చుకున్న పొడుగాటి పిన్ను తీసి పొడిచింది. మరోచోట స్పార్కు తీగ తొడుగు అరిగిపోయింది. మేజోడు జారకుండా కట్టుకున్న పట్టీ విప్పి చుట్టేసింది! పెట్రోలు కారు మొరాయిస్తే మెకానిక్కులు ఇప్పటికీ ముందు చూసేవి ఆ రెండే: పెట్రోలు అందుతోందా, స్పార్కు వస్తోందా అని.

చెక్క బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కొట్టించింది. చీకటిపడ్డాక పుట్టిల్లు చేరి భర్తకి టెలిగ్రాం ఇచ్చింది.

తిరిగొచ్చాక, ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలంది. ఆయన పెట్టారు.