ముసర యాడికి పోయింది

ముసర అంటే మీకు తెలీదు నాయనా. మీ నాయన కూడా పేరు విన్నాడే గాని రోగాన్ని చూడలేదు. మా చిన్నప్పుడు పెద్దరోగం అంటే అదే. పొద్దున ఎద్దు మేత ముట్టదు, ఒళ్లు కాలిపోతాంటాది. మర్నాటికి కండ్లలో పుసులు, ముక్కులో చీమిడి. నోరు తెరిచి చూస్తే చిగుళ్ల మీద తౌడు చల్లినట్ల పుండ్లు. ఆపైన నెత్తురు విరేచనాలు. వారం పదిరోజుల్లో కాడెద్దు కూలిపోతాది. ఒక కొట్టంలో మొదలైతే వీధి వీధంతా ఖాళీ. వాన పడినాక దున్నేదానికి ఎద్దు లేకపోతే రైతు ఏం చేస్తాడు చెప్పు? సొంత భూమి పెట్టుకొని కూలికి పోయినోళ్లను నా కండ్లతో చూసినా.

రోగం పక్కూర్లో ఉందని తెలిస్తే చాలు, పెద్దోళ్లు పొలిమేర కట్టేవాళ్లు. బయటి గొడ్డు లోపలికి రాకూడదు, మన గొడ్డు సంతకు పోకూడదు. సుంకులమ్మకు మొక్కుకొని, ఊరి వాకిట వేపమండలు కట్టి, దారికి అడ్డంగా తుమ్మకంప వేసేవాళ్లు. అదంతా మూఢనమ్మకం అనేటోళ్లుంటారు. నేను అనను. రోగం అంటుకోవాలంటే గొడ్డు గొడ్డు దగ్గరికి రావాల, ఒకే తొట్టిలో మూతి పెట్టాల. ఆ దారిని కంప మూసింది. శివరాత్రికి మహానందిలో బండలాగుడుకు యాడయాడి ఎద్దులో వస్తాయి గదా, జనానికి అది తిరునాళ్ల. మాకు మాత్రం ఆ మూడు దినాలు గుండెదడే.

దొరలు కూడా ఆ కంప సంగతే ఇంకో రకంగా ఆలోచించినారు. రోగానికి మందు చేయాలంటే ముందు ఆ రోగాన్నే పట్టుకొని, ల్యాబులో బతికించుకోవాల. 1889లో పూణేలో పశురోగాల ప్రయోగశాల పెట్టినారు. నాలుగేండ్లు తిరక్కుండానే, 1893లో, దాన్ని తీసుకపోయి హిమాలయాల్లో కుమావోన్ కొండల మీద ముక్తేశ్వరంలో పెట్టినారు. చుట్టూ ఊర్లు, గొడ్లు ఉన్న చోట ముసరలాంటి అంటురోగంతో పనిచేస్తే ఎంత ప్రమాదమో వాళ్లకు తెలుసు. ఏడువేల అడుగులకు పైన, అడవి మధ్యన. గాలి వడపోసే యంత్రాలు లేని కాలం. దూరమొక్కటే కాపాడాల. 1920ల్లో ఎడ్వర్డ్స్ అనే ఆయన ఆడనే ముసరను మేకల్లోకి ఎక్కించి ఎక్కించి, దాని పొగరు తగ్గించి టీకా చేసినాడు. ఆ టీకాతోనే 1954లో దేశమంతా ముసర నిర్మూలన పథకం మొదలైంది.

నేను నంద్యాల పక్క పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరినప్పుడు నా పని అదే. వేలెడంత సీసాలో ఎండిన మందు, ఐసు పెట్టెలో వచ్చేది. చల్లని ఉప్పునీళ్లు పోసి కలిపినాక కొన్ని గంటల్లోనే వాడేయాల. ఎండ పొడ తగిలితే మందు చస్తాది. అందుకే పెట్టె మీద తడి గోనెసంచి కప్పుకొని పల్లెపల్లె తిరుగుతాంటిమి. రైతు పగ్గం బిగించి పట్టుకుంటే, మెడ దగ్గర తోలు ఎత్తిపట్టి ఒక సీసీ. సాయంత్రం సీసా అడుగున నాలుగు చుక్కలు మిగిలినా డాక్టరు సారు పారబోయనిచ్చేవాడు కాదు. కిరసనాయిలు స్టౌ మీద డేగిసా పెట్టి, సీసాలు, సూదులు, సిరంజీలు అన్నీ అందులో వేసి కుతకుత ఉడకబెట్టాల. పొద్దున ఎన్ని సీసాలు తీసినాం, ఎన్ని వాడినాం, ఎన్ని ఉడకబెట్టినాం, లెక్క సరిపోయిందాకా ఆయన ఇంటికి పోడు. ఆ రిజిస్టరు రాసేది నేనే. దాని విలువ నాకు ఉద్యోగం దిగిపోయినాక ఇంకా బాగా తెలిసింది.

1995లో తమిళనాడు ఉత్తర ఆర్కాటులో, అంటే మన చిత్తూరు ఎల్లకు ఆనుకొని, మనదేశంలో చివరిసారి ముసర కనిపించింది. 2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లోకమంతా ముసర పోయిందని ప్రకటించింది. మనుషుల్లో మశూచి, గొడ్లలో ముసర. మనిషి లోకం మీద లేకుండా చేసిన రోగాలు ఈ రెండే. ఆ పనిలో మా సూదికీ ఒక చెయ్యి ఉందని తలుచుకుంటే ఇప్పటికీ రొమ్ము నిండుతాది.

ముసర యాడికి పోయిందని అడిగినావు గదా, ఇప్పుడు దానికి వస్తా. గొడ్లలో పోయింది. ల్యాబుల ఫ్రీజర్లలో మిగిలింది. టీకా ఆపేసి ఏండ్లయింది, ఈ కాలం ఎద్దుల ఒంట్లో ముసరను తట్టుకునే శక్తి లేదు. ఒక్క గొట్టం పగిలి బయటపడిందనుకో, మా తాతల కాలం మళ్లీ మొదలు.

అట్లెట్ల బయటికి వస్తాదంటావేమో. వచ్చిన కథ చెప్తా విను. ఇంగ్లండులో పిర్‌బ్రైట్ అని ఒక చోటుంది. గాలికుంటు మీద పరిశోధన చేసే సంస్థ, దాని పక్కనే టీకా చేసే కంపెనీ, రెండూ ఒకే ఆవరణ. 2007 ఆగస్టులో ఆ చుట్టుపక్కల ఒక రైతు గొడ్లకు గాలికుంటు తగిలింది. ఆ దేశంలో అప్పటికి ఆ రోగమే లేదు. పరీక్ష చేస్తే, అది 1967లో అక్కడి గొడ్లకు వచ్చిన రకం. నలభై ఏండ్ల కిందటిది, యా గొడ్డులోనూ తిరగనిది, ల్యాబుల్లో తప్ప లేనిది! తలుపులు బాగానే ఉన్నాయి, తాళాలు బాగానే ఉన్నాయి. అది వచ్చింది మురికినీళ్ల గొట్టంలోనుంచి. భూమిలోని పాత గొట్టాలు బీటలిచ్చి, చెట్ల వేర్లు దూరి ఉన్నాయి. ఆ ఏడు జులైలో వానలు దంచినాయి. కారిన నీళ్లు మన్నులో కలిసినాయి. లోపల కట్టడం పని జరుగుతాంది, లారీ టైర్లకు అంటుకున్న ఆ మన్నే రోడ్డెక్కి రైతు పొలం దాకా పోయి ఉంటుందని విచారణలో తేల్చినారు. గొట్టం పాతదైందని వాళ్లకు ముందే తెలుసు. డబ్బు ఎవరు పెట్టాలనే మాట తేలక ఆ పని వాయిదా పడుతూ వచ్చింది. ఆ మాట విన్నప్పుడు నాకు చానా కోపం వచ్చింది. అంత చదువుకున్నోళ్లు, అంత ప్రమాదమైనదాన్ని దగ్గర పెట్టుకొని, గొట్టం దగ్గర ఆగిపోయినారు.

అదే పిర్‌బ్రైట్‌లో ముసర సీసాలు కూడా ఉండేవి, మూడువేలకు పైగా. 2019లో వాటి గుణమంతా కంప్యూటర్లో రాసి పెట్టుకొని, సీసాలను కాల్చి బూడిద చేసినారు. అది మంచి పని. మశూచి సీసాలను కూడా ఇప్పుడు లోకమంతా కలిపి రెండే చోట్ల, అమెరికాలో, రష్యాలో ఉంచినారు. అయినా 2014లో అమెరికాలోనే ఒక పాత శీతల గదిని ఖాళీ చేస్తాంటే, 1950ల నాటి మశూచి సీసాలు ఆరు ఒక అట్టపెట్టెలో దొరికినాయి. అన్నేండ్లు అవి ఏ లెక్కలోనూ లేవు.

ముసర మనిషిని అంటదు. దొమ్మరోగం అట్ల కాదు, అది గొడ్డునూ చంపుతాది, మనిషినీ చంపుతాది. కొండకింద ఒక పల్లెలో రాత్రి బాగున్న ఎద్దు తెల్లారేసరికి ఉబ్బిపోయి పడి ఉంది. ముక్కులోంచి నల్లటి నెత్తురు, ఎంతసేపైనా గడ్డ కట్టలేదు. తోలు తీసేదానికి కత్తి నూరుకొని ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. సారు దూరంనుంచే కేక వేసినాడు. దొమ్మతో చచ్చిన గొడ్డును కోయకూడదు. లోపలి పురుగు గాలి తగిలితే గింజకట్టి, మన్నులో దశాబ్దాలు బతుకుతాది. సారు చేతులకు తొడుగులేసుకొని, చెవి కొసన సూదితో గుచ్చి ఒక్క చుక్క గాజుపలక మీద తీసినాడు. గుచ్చినచోట మందులో ముంచిన దూది అదిమిపెట్టినాడు. ఆరడుగుల గుంత తవ్వించి, కిందా మీదా సున్నం పోసి, నెత్తురు పడిన మన్ను కూడా గీకి అందులోనే వేయించినాడు. పడుకున్న గడ్డి కాల్పించినాడు. చుట్టూ కంప నాటించినాడు. ఎద్దును ముట్టుకున్నోళ్లను ఆ పొద్దే పెద్దాసుపత్రికి పంపినాడు.

ఆ దొమ్మే 1979లో రష్యాలో స్వెర్డ్‌లోవ్‌స్క్ అనే పట్నంలో, మిలిటరీ ల్యాబునుంచి గాల్లోకి పోయింది. కనీసం 66 మంది చచ్చిపోయినారు. గాలి వీచిన దిక్కున యాభై కిలోమీటర్ల దాకా జీవాలు పడిపోయినాయి. సర్కారు మాత్రం జనం పాడైన మాంసం తిన్నారని చెప్పింది. అది మిలిటరీ పనేనని 1992లో వాళ్ల అధ్యక్షుడు యెల్ట్‌సిన్ ఒప్పుకున్నాడు. పదమూడేండ్లు పోయినోళ్ల ఇండ్లల్లో ఎందుకు పోయినారో తెలియకుండా ఏడ్చినారు. ల్యాబునుంచి ఏదన్నా బయటపడితే ఆ గంటలోనే చెప్పాలని నేను గట్టిగా అనేది అందుకే.

నా మనవరాలు హైదరాబాదులో అంటురోగాల మీద పరిశోధన చేసే ల్యాబులోనే పనిచేస్తాంది. పోయిన పండక్కి వచ్చినప్పుడు గుచ్చిగుచ్చి అడిగినా. రెండు తలుపులంట, ఒకటి మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు. లోపల గాలి ఒత్తిడి తక్కువ పెడతారు, తలుపు తెరిస్తే గాలి లోపలికి పోతాదే గాని బయటికి రాదు. చేతులకు రెండు జతల తొడుగులు. లోపలున్న గాజు పెట్టెలో చేతులు పెట్టి, నిదానంగా పని చేయాల. చెయ్యి గబుక్కున ఆడిస్తే అందులో గాలి చెదురుతాది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. లోపలినుంచి ఏదీ ఊరికే బయటికి రాదు, 121 డిగ్రీల ఆవిరిలో ఉడికే రావాల. మురికినీళ్లు కూడా! "ఒక్కదానివే పోతావా అమ్మీ" అంటే, "లేదు తాతా, ఇద్దరం ఉండాల్సిందే. సీసా తీసినా పెట్టినా రాయాల" అనింది. ఆ మాటతో నాకు మనసు కుదుటపడింది. మన ప్రాంతంలో కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చిందని అనుమానం వస్తే శాంపిళ్లు భోపాల్ పోతాయి గదా, అది కూడా ఇట్లాంటి కట్టుదిట్టమైన ల్యాబే.

నాయనా, కొండకింద పల్లెలో సారు తవ్వించిన ఆ దొమ్మ గుంత చుట్టూ కంప ఎప్పుడో చెదలు తినేసింది. ఆ బీడు ఇప్పుడు చేతులు మారి, అరటితోటకు చదును చేస్తాండారని విన్నా. మిషను పెట్టి లోతుగా తవ్వకముందే పశువుల డాక్టరుకు చెప్పాల, వాళ్లొచ్చి మన్ను తీసి పరీక్ష చేసుకుంటారు. అది యాడుందో తెలిసినోళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. తెల్లారినాక బండి తీసుకొనిరా. చోటు చూపిస్తా, సర్వే నంబరుతో సహా రాసుకో.