తెల్ల ట్రిలియం

కెనడాలోని ఒంటారియో ప్రావిన్సుకు అధికారిక పుష్పం. శాస్త్రీయ నామం ట్రిలియం గ్రాండిఫ్లోరం. ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతంలోని ఆకురాల్చే అడవుల్లో, మేపుల్, బీచ్ చెట్ల కింద గుంపులుగా పెరుగుతుంది. ఈ మొక్కలో అన్నీ మూడే: మూడు ఆకులు, మూడు రక్షక పత్రాలు, మూడు తెల్లని ఆకర్షక పత్రాలు. వాడే ముందు పువ్వు గులాబీ రంగుకు తిరుగుతుంది.

పై చెట్లు చిగురించి నీడ కమ్మేలోపే, ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. గింజను అంటిపెట్టుకున్న కొవ్వు ముద్ద కోసం చీమలు దాన్ని పుట్టకు మోసుకెళ్తాయి. ముద్ద తినేసి గింజను వదిలేస్తాయి. అడవిలో ఈ మొక్క వ్యాపించేది ఎక్కువగా ఇలాగే. ఎదుగుదల మహా నిదానం: గింజ నుంచి తొలి పువ్వుకు ఏడేళ్లో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. పువ్వుతోపాటు ఆకులూ తెంపితే దుంపకు ఆహారం అందక మొక్క చనిపోవచ్చు. జింకల మేత దీనికి పెద్ద బెడద.

1937లో దీన్ని ఒంటారియో తన పుష్పంగా స్వీకరించింది. ప్రభుత్వ లోగోలోనూ, ప్రజల ఆరోగ్య కార్డు మీదా దీని రూపమే కనిపిస్తుంది. దీన్ని కోస్తే ఎక్కడైనా నేరమేనన్న ప్రచారం అక్కడ బలంగా ఉన్నా, అది అపోహే. నిషేధం పార్కుల వంటి రక్షిత స్థలాలకే. అమెరికాలోని ఒహాయోకూ ఇదే రాష్ట్ర అడవి పువ్వు.