టొలీడో కోట క్రింది చీకటి

పాత కోట ఉన్నచోట సొరంగం కథ ఒకటి ఉండక తప్పదు. గోలకొండ నుండి చార్మినారు దాకా నేలక్రింద దారి ఉన్నదన్న మాట మన తెలుగునాట చిరకాలంగా వింటున్నదే. ఇటువంటి కథలను కొట్టివేయడం సులభం. నమ్మడం అంతకన్నా సులభం. కథకు అడుగున ఏమున్నదో త్రవ్వి చూడడమే కష్టం. చరిత్రకారుని పని అదే. ఇందుకు స్పెయిన్ దేశంలోని టొలీడో నగరం చక్కని నిదర్శనం.

మాడ్రిడ్‌కు దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, మూడు ప్రక్కల టేగస్ నది చుట్టి పారగా, రాతిగుట్టమీద నిలిచిన ఊరు టొలీడో. గుట్ట కొమ్మున ఉన్న చదరపు కోట పేరు ఆల్కజార్. రోమనులు, విసిగోతులు, అరబ్బులు, క్రైస్తవ ప్రభువులు వరుసగా ఏలిన నగరమిది. 16వ శతాబ్దిలో చక్రవర్తి అయిదవ చార్లెస్ ఈ కోటను రాజభవనంగా తిరిగి కట్టించాడు. 19వ శతాబ్దిలో అది పదాతిదళ అధికారులకు శిక్షణ ఇచ్చే సైనిక విద్యాలయమయింది. తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు స్పెయిన్‌ను నియంతగా ఏలిన ఫ్రాంకో, 1907లో ఆ విద్యాలయంలోనే విద్యార్థిగా చేరి 1910లో అధికారిగా వెలువడ్డాడు.

ఆ ఊరి నేలక్రింద హెర్క్యులిస్ గుహ ఉన్నదని ప్రతీతి. హెర్క్యులిస్ అక్కడ ఒక మంత్రభవనం కట్టి, తలుపు బిగించి, దానిని ఎవ్వరూ తెరువరాదని శాసించాడట. గద్దెనెక్కిన ప్రతి రాజూ ఆ తలుపుకు మరొక తాళం వేస్తూ వచ్చాడట. చివరి విసిగోతు రాజు రోడ్రిగో మాత్రం లోపల నిధి ఉన్నదని భ్రమించి తాళాలన్నీ పగులగొట్టించాడు. లోపలి పెట్టెలో దొరికినది ఒక వస్త్రం. దానిమీద గుఱ్ఱాలెక్కి కత్తులు పట్టిన అరబ్బుల చిత్రాలు. తలుపు తెరచినవాని రాజ్యం ఈ రౌతుల పాలవుతుందన్న హెచ్చరిక!

711లో ముస్లిం సేనలు జలసంధి దాటి వచ్చిన మాట, రోడ్రిగో ఓడిపోయిన మాట చరిత్ర. తాళాల కథ ఆ ఓటమి తరువాత పుట్టింది. అంత పెద్ద రాజ్యం అంత త్వరగా ఎందుకు కూలిందన్న ప్రశ్నకు జనం కల్పించుకొన్న సమాధానమది. సింహాసనం కోసం ప్రభువులు తమలో తాము కలహించుకొన్నారని చెప్పుకోవడం కంటె, ఒక రాజు నిషిద్ధమైన తలుపు తెరిచాడని చెప్పుకోవడం మనసుకు ఊరటగా ఉంటుంది కదా!

1546లో టొలీడో ఆర్చిబిషప్ సిలిసియో ఆ గుహను పరీక్షించడానికి మనుషులను దింపాడని చెబుతారు. దివిటీలతో పోయినవారు కంచు విగ్రహాలను చూచామని, భయంకరమైన చప్పుడు విన్నామని, అడ్డంగా నీటిప్రవాహం కనిపించిందని చెప్పి, గడగడ వణకుతూ తిరిగివచ్చారట. ద్వారం మూసివేశారు. మూసిన ద్వారం కథను మరింత పెంచింది. గుహ నగరాన్ని దాటి క్రోసుల పొడవున పోతుందన్నారు. తరువాతి కాలపు పరిశోధకులు సాన్ హినేస్ అనే పాత చర్చి ఉండిన స్థలం అడుగున చూచినపుడు అక్కడ కనిపించినవి రాతి కమానులు, గోడలు. అది రోమనులు ఊరికి నీరు నిలువ చేయడానికి కట్టిన తొట్టి. విగ్రహాలు లేవు, నిధీ లేదు. కథలో నీరొక్కటే నిజం.

ఆల్కజార్ క్రింద నిజమైన సొరంగాలు త్రవ్విన రోజులు 1936లో వచ్చాయి. ఆ జూలైలో సైన్యంలో ఒక వర్గం, ఎన్నికైన గణతంత్ర ప్రభుత్వంపై తిరుగుబాటు చేసింది. టొలీడోలో తిరుగుబాటు పక్షాన నిలిచిన కర్నల్ మొస్కార్డో కోటలో తలదాచుకొన్నాడు. వేసవి సెలవులవడం వల్ల విద్యార్థులు కొద్దిమందే ఉన్నారు. వేయిమందికి పైబడిన రక్షకులలో ఎక్కువమంది సివిల్ గార్డు దళంవారు. వారితోపాటు అయిదువందలకు పైగా స్త్రీలు, పిల్లలు లోపల ఉన్నారు. ప్రభుత్వ పక్షం వారు కోటను చుట్టుముట్టారు. ఫిరంగి దెబ్బలకు పై అంతస్తులు కూలగా బ్రతుకంతా నేలమాళిగలలోకి దిగింది. ఊరినుండి వచ్చే నీరు ఆగిపోయింది. కోటలోని పాత నీటితొట్లే వారిని కాపాడినవి. మనిషికి రోజుకు ఒక లీటరు చొప్పున కొలిచి ఇచ్చుకొన్నారు.

ఫిరంగులకు కోట లొంగకపోవడంతో, ఆగస్టులో ఆస్టూరియాస్ బొగ్గుగనుల పనివారిని రప్పించి గోడల క్రిందికి సొరంగాలు త్రవ్వించారు. గట్టి రాతిని తొలుస్తున్న చప్పుడు నేలమాళిగలలో ఉన్నవారికి రాత్రింబవళ్ళు వినిపించేది. ఆ చప్పుడును బట్టి సొరంగం ఏ దిక్కుగా వస్తున్నదో వారు లెక్కకట్టేవారు. ఒకనాడు చప్పుడు ఆగిపోయింది. త్రవ్వడం ముగిసి, మందు కూరడం మొదలయిందని దాని అర్థం. సెప్టెంబరు 18 ఉదయం సుమారు అయిదు టన్నుల ప్రేలుడు పదార్థం ప్రేలింది. నైరుతి బురుజు నేలమట్టమయింది. అయితే లోపలివారు ముందే ఆ ప్రక్క ఖాళీచేసి ఉన్నారు. పైగా కూలిన రాళ్ళ గుట్టే దాడికి వచ్చినవారికి అడ్డమయింది. సెప్టెంబరు 27న తిరుగుబాటు సేనలు వచ్చి కోటను విడిపించాయి.

ఆ శిథిలాలనుండి మరొక కథ లేచింది. జూలై 23న ప్రభుత్వ పక్షం వారు మొస్కార్డోకు టెలిఫోను చేసి, లొంగిపోకుంటే అతని కుమారుడు లూయిస్‌ను కాల్చివేస్తామన్నారు. తండ్రి కుమారునితో మాట్లాడి, లొంగనన్నాడు. కుమారుని వెంటనే కాల్చివేశారని జనం చెప్పుకొన్నారు. నిజానికి ఆ మరణశిక్ష నెల తరువాత, ఆగస్టు 23న, ఒక విమానదాడికి ప్రతీకారంగా, ఇతర ఖైదీలతోపాటు జరిగింది. తండ్రి దుఃఖం అబద్ధం కాదు. కాని ఆ కథ ఫ్రాంకో ప్రభుత్వపు ప్రచారానికి మూలస్తంభమైనపుడు, కొందరి దుఃఖం దానిలో చోటుచేసుకోలేదు. రక్షకులు బందీలుగా లోపలికి తీసుకొనిపోయిన ప్రభుత్వ పక్షీయులు, కోట విడుదలైనాక నగరంలోని ఆసుపత్రిలో మంచాలమీదనే హతులైన క్షతగాత్రులు — వీరి మాట చాలాకాలం ఎవ్వరూ ఎత్తలేదు. మాడ్రిడ్‌మీదికి పోతున్న ఫ్రాంకో దళాలు టొలీడో వైపు మళ్ళడం వల్ల, రాజధాని ఆత్మరక్షణకు సిద్ధపడేందుకు వ్యవధి దొరికిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

తరువాత ఆల్కజార్‌ను తిరిగి కట్టారు. సైనిక విద్యాలయం నదికి ఆవలి గట్టుకు మారింది. కోటలో 2010లో సైనిక ప్రదర్శనశాల తెరిచారు. హెర్క్యులిస్ గుహనూ ఇప్పుడు యాత్రికులు దిగి చూడవచ్చు. అక్కడ భయపడవలసినదేమీ లేదు. రోమను పనివారు పేర్చిన రాళ్ళున్నాయి. విసిగోతుల ఓటమిని తాళాల కథ కప్పిపెట్టినట్లే, 1936 నాటి మృతులలో సగంమందిని వీరగాథ కప్పిపెట్టింది. మొదటిదానిని త్రవ్వడానికి శతాబ్దాలు పట్టింది. రెండవదానిని త్రవ్వే పని ఆ దేశంలో నేటికీ సాగుతూనే ఉన్నది.